బాయిలర్ మేకర్ పని నేర్చుకోవడానికి గుంటూరు, విజయవాడల్లో ఏ ఐటీఐ మంచిది?

కొత్తపేట అక్క, గుంటూరు

అందరికీ నమస్కారం. మా తమ్ముడి గురించి అడుగుతున్నాను. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

వాడికి పదిహేడు నిండాయి. పది పాసయ్యాడు. ఇంటర్ ఎంపీసీలో చేర్పిస్తే ఫస్టియర్‌లో మూడు సబ్జెక్టులు పోయాయి. తెలివి లేనివాడు కాదు, పుస్తకం ముందు కూర్చోవడం వాడి వల్ల కాదు. ఇంట్లో మోటారు ఆగినా, పక్కవాళ్ళ గేటు ఊడినా విప్పి బాగుచేసేది వాడే.

మా నాన్న తెనాలి వైపు ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పని చేసేవారు. ఊక ఎగదోయడం, నీళ్ళ మట్టం చూడడం, ఆవిరి వదలడం ఆయన పని. రెండేళ్ళ కిందట పోయారు. వేసవి సెలవుల్లో నాన్నకి క్యారియర్ తీసుకెళ్ళేది తమ్ముడే. మిల్లు ఆపినప్పుడు బయటి నుంచి ఒక మేస్త్రీ, ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి బాయిలర్ లోపలి పాత ట్యూబులు కోసి లాగేసి కొత్తవి ఎక్కించేవాళ్ళట. వీడు సాయంత్రం దాకా అక్కడే నిలబడి చూసి, రాత్రి అన్నం దగ్గర మాకు చెప్పేవాడు. ఇప్పుడు 'నేను ఆ పనే నేర్చుకుంటా' అని పట్టుబట్టాడు. కువైట్‌లో ఉన్న మా మేనమామ కూడా, అక్కడ బాయిలర్ మేకర్లకు మంచి జీతాలున్నాయి, ఆ కోర్సు చేయించండి అన్నాడు.

తీరా కనుక్కుంటే ఏ ఐటీఐలోనూ ఆ పేరుతో కోర్సు లేదు. మా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ప్రభుత్వ ఐటీఐ. రెండు, విజయవాడ వైపు ఒక ప్రైవేటు ఐటీఐ, హాస్టల్‌తో కలిపి ఏడాదికి 45 వేలు అన్నారు. మూడు, ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలల 6జీ అనే పైపు వెల్డింగ్ కోర్సు, 60 వేలు. చేరగానే గల్ఫ్ ఇంటర్వ్యూ గ్యారంటీ అంటున్నారు. నాన్న పీఎఫ్‌లో మా దగ్గర మిగిలింది లక్షా పది వేలు. నేను బట్టల షాపులో చేస్తాను. ఒకసారి తప్పు చోట కడితే మళ్ళీ కట్టే శక్తి లేదు. అదే టెన్షన్.

ఇంకోటి, అమ్మకి బాయిలర్ అంటేనే భయం. పేలుతుంది అంటుంది. దాని గురించి కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

వ్యాగన్ షాప్ ఫిట్టర్

అక్కా, నేను ప్రభుత్వ ఐటీఐలోనే ఫిట్టర్ చేశాను. ఇప్పుడు రాయనపాడు దగ్గర గుంటుపల్లి రైల్వే వ్యాగన్ వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌ని. రైల్వేలో అప్రెంటిస్‌గా తీసుకోవడానికి పదో తరగతి మార్కులూ ఐటీఐ మార్కులూ కలిపి మెరిట్ తీస్తారు, రాత పరీక్ష ఉండదు. కాబట్టి మీ తమ్ముడి పది మార్కులు ఎన్ని అన్నది ముఖ్యం. ఐటీఐలో కూడా పాసైతే చాలు అనుకోకుండా మార్కులు తెచ్చుకోమనండి. మా బ్యాచ్‌లో పని బాగా వచ్చి, మార్కుల్లేక ఆగిపోయినవాళ్ళు ఉన్నారు.

బాయిలర్ పని గురించి నాకు తెలియదు. తెలిసినవాళ్ళు చెప్తారు.

బాయిలర్ వెల్డర్, ఇబ్రహీంపట్నం

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాన్నగారి పనీ, మీ తమ్ముడు నిలబడి చూసిన పనీ నాకు దగ్గరగా తెలిసినవే. ఇరవై రెండేళ్ళుగా ఇందులోనే ఉన్నాను. రైస్ మిల్లులతో మొదలుపెట్టి, చెరుకు సీజన్ అయిపోయాక షుగర్ ఫ్యాక్టరీల రిపేర్లు చేసి, తర్వాత ఇక్కడి థర్మల్ స్టేషన్ షట్‌డౌన్లలోకి, అంటే రిపేర్ల కోసం ప్లాంటు ఆపినప్పుడు చేసే పనుల్లోకి వచ్చాను.

ముందు పేరు సంగతి. మీ నాన్నగారు చేసింది బాయిలర్ అటెండెంట్ పని, అంటే బాయిలర్‌ను నడిపే పని. దానికి బాయిలర్ల శాఖ విడిగా పరీక్ష పెట్టి సెకండ్ క్లాసు, ఫస్ట్ క్లాసు సర్టిఫికెట్లు ఇస్తుంది. బాయిలర్ మేకర్ అంటే దాన్ని తయారుచేసేవాడు, విప్పి బాగుచేసేవాడు. ప్లేటు మీద గుర్తు పెట్టడం, కోయడం, వంచడం, పైకెత్తి కూర్చోబెట్టడం, ట్యూబులు ఎక్కించడం, వెల్డింగ్ అన్నీ అతనివే. కెనడా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఇది మొత్తం ఒకే ట్రేడు. మన దగ్గర అదే పనిని ఫిట్టరు, వెల్డరు, ఫ్యాబ్రికేటరు, బరువులెత్తి కూర్చోబెట్టే రిగ్గరు పంచుకుంటారు. అందుకే ఐటీఐ జాబితాలో నీకు ఆ పేరు దొరకలేదు. అది దొరకలేదని దిగులుపడకు. ఆ పేరుతో కోర్సు ఉందని ఎవరైనా డబ్బు అడిగితే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించు.

మీ తమ్ముడు మిల్లులో చూసింది ఫైర్ ట్యూబ్ బాయిలర్. మంట, పొగ ట్యూబుల లోపల పోతాయి, నీళ్ళు చుట్టూ ఉంటాయి. ఆ ట్యూబుల్ని ఎక్కువగా ఎక్స్‌పాండర్ పెట్టి తిప్పి, ప్లేటు రంధ్రంలో బిగిసేదాకా వ్యాకోచింపజేస్తారు. తక్కువ తిప్పితే నీళ్ళు కారతాయి, ఎక్కువ తిప్పితే ట్యూబు గోడ పలచబడుతుంది. ఎంత చాలో చేతికే తెలియాలి. అది ఫిట్టర్ చేతి పని. మా థర్మల్ ప్లాంటులో దీనికి తిరగబడి ఉంటుంది. నీళ్ళు ట్యూబుల లోపల, మంట బయట. అక్కడ ట్యూబుకి ట్యూబు వెల్డింగ్‌తోనే కలుపుతాం. ఇక్కడ మొదటి యూనిట్ 1979లో వచ్చింది. ఇప్పుడు 210 మెగావాట్లవి ఆరు, 500ది ఒకటి, 800ది ఒకటి ఉన్నాయి. 210 యూనిట్‌లోనే ఆవిరి 540 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఒక్కో బాయిలర్లో జాయింట్లు వేలల్లో ఉంటాయి. అందులో ఒక్కటి కారినా యూనిట్ ఆపాల్సి వస్తుంది. ట్యూబులు సన్నవి, పక్కపక్కనే ఉంటాయి. వెనక వైపు కంటికి కనపడదు. చిన్న అద్దం పెట్టుకుని అందులో చూస్తూ వెల్డు చేస్తాం. అద్దంలో చెయ్యి ఎడమ కుడి తిరగబడి కనిపిస్తుంది. అది అలవాటు కావడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

ఇక స్కూలు సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నేనే తప్పు స్కూల్లో చేరాను.

మా అమ్మ గేదెని అమ్మి నన్ను ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఐటీఐలో వెల్డర్ ట్రేడులో చేర్చింది. పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. బిల్డింగు బాగుండేది. క్లాసులూ జరిగేవి. షెడ్డులో మాత్రం నలభై మందికి మూడే మెషిన్లు, అందులో ఒకటి ఎప్పుడూ రిపేరు. ఏడాది మొత్తంలో నేను కాల్చిన వెల్డింగ్ రాడ్లు రెండు ప్యాకెట్లు ఉంటాయేమో. అయినా పాసయ్యాను, సర్టిఫికెట్ వచ్చింది. ఒక షట్‌డౌన్‌కి మనుషులు కావాలంటే ఆ కాగితం పట్టుకుని వెళ్ళాను. పైపు ముక్క ఇచ్చి టెస్టు చెయ్యమన్నారు. ఇన్‌స్పెక్టరు దాన్ని కోసి, వంచి చూసే బెండ్ టెస్టు పెట్టగానే నా జాయింటు రెండు ముక్కలయింది. రూటులో పెనిట్రేషనే లేదు, అంటే అతుకు అడుగుదాకా కరిగి పట్టలేదు. ఆయన తిట్టలేదు. 'ఎవరు నేర్పారు బాబూ' అని అడిగాడంతే. నాకు ఇంటికి వెళ్ళి అమ్మ ముఖం చూడడం చాలా కష్టమయింది. తర్వాత రెండేళ్ళు గ్రైండరు పట్టుకుని హెల్పర్‌గా చేశాను. రాత్రి షిఫ్టు అయిపోయాక మేస్త్రీని బతిమాలి, పారేసిన పైపు ముక్కల మీద మిగిలిన రాడ్లతో నేర్చుకున్నాను.

అందుకని నీకు చెప్పేది, ప్రాస్పెక్టస్ చూడొద్దు. తమ్ముణ్ణి తీసుకుని మూడు చోట్లకీ పని జరిగే రోజు, పదకొండు గంటలప్పుడు వెళ్ళు. ఆఫీసు రూములో కూర్చోకుండా షెడ్డు చూపించమని అడుగు.

మొదట తుక్కు కుప్ప ఎక్కడుందో చూడు. వెల్డింగ్ నేర్పే చోట అతికిన ముక్కలు, కోసిన ముక్కలు, పాడైన ముక్కలు గుట్టగా ఉండాలి. గచ్చు శుభ్రంగా తుడిచి, తుక్కు లేకుండా ఉంటే అక్కడ ఎవరూ ఏమీ కాల్చడం లేదు. తర్వాత కింద పడ్డ రాడ్డు ముక్కలు ఏరి చూడు. రెండంగుళాల పొట్టివైతే పిల్లలు రాడ్డు చివరిదాకా కాలుస్తున్నారు. సగం సగం పొడవువి ఉంటే నేర్పేవాడు దగ్గర లేడని అర్థం. తుక్కులో అన్నీ చదును ప్లేట్లేనా, పైపు ముక్కలు కూడా ఉన్నాయా చూడు. పైపు లేకపోతే బాయిలర్ పనికి ఆ చదువు సగమే. ఆర్గాన్ గ్యాసు రక్షణలో వెల్డు చేసే టిగ్ మెషిన్ ఉందా, దాని ఆర్గాన్ సిలిండర్ గేజిలో ముల్లు లేస్తోందా, 7018 రకం వెల్డింగ్ రాడ్లు ఆరబెట్టే ఓవెన్ వెచ్చగా ఉందా అన్నవి కూడా గమనించు. ఆ రాడ్డు తేమ పీలిస్తే జాయింటు పగులుతుంది. ఓవెన్ చల్లగా దుమ్ము పట్టి ఉంటే వాళ్ళకి ఆ పట్టింపు లేదన్నమాట. చివరగా, అక్కడి పిల్లవాణ్ణి ఒకణ్ణి పక్కకి పిలిచి 'ఈ వారం ఎన్ని రాడ్లు కాల్చావు' అని అడుగు. వాడు వెంటనే లెక్క చెప్పగలిగితే మంచి చోటు.

6జీ కోర్సు మోసం అనను. 6జీ అంటే పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి, మనిషే చుట్టూ తిరుగుతూ వెల్డు చేయడం. కింద నుంచీ, పక్క నుంచీ, తల మీద నుంచీ అన్నీ ఒకే జాయింటులో వస్తాయి. అది చేయగలిగినవాడికి ఎక్కడైనా విలువ ఉంటుంది. కాకపోతే ప్లేటు మీద తిన్నగా గీత వెయ్యడం రానివాడిని మూడు నెలల్లో అక్కడిదాకా తేవడం అరుదు. ఏడాదో రెండేళ్ళో చెయ్యి తిరిగాక ఆ 60 వేలు పెడితే పనికొస్తాయి, ఇప్పుడు పెడితే పోతాయి. ఇంకో మాట, ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే 6జీ కాగితం వేరు, బాయిలర్ వెల్డర్ సర్టిఫికెట్ వేరు. రెండోది 1950 నాటి ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్ ప్రకారం పరీక్ష పెట్టి బాయిలర్ల శాఖ ఇచ్చేది. మేము ఐబీఆర్ అంటాం. బాయిలర్ ప్రెషర్ పార్టుల మీద రాడ్డు పెట్టాలంటే అదే అడుగుతారు.

నా సలహా, ప్రభుత్వ ఐటీఐలో వెల్డర్ ఏడాది. ఆ తర్వాత బాయిలర్లు ఉన్న చోట అప్రెంటిస్. ఆ తర్వాత 6జీ, ఐబీఆర్ టెస్టు. బాయిలర్లు తయారుచేసే పెద్ద చోటు కేంద్ర ప్రభుత్వ సంస్థ బీహెచ్ఈఎల్ వాళ్ళ తిరుచ్చి ప్లాంటు, అక్కడే వెల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఉంది. మనకి దగ్గర్లో విశాఖలో బీహెచ్ఈఎల్ వాళ్ళ హెవీ ప్లేట్స్ అండ్ వెసెల్స్ ప్లాంటు ఉంది. రెండు చోట్లా వెల్డర్, ఫిట్టర్ అప్రెంటిస్‌లను తీసుకుంటారు. అప్రెంటిస్‌షిప్ పోర్టల్ మీద కన్ను వేసి ఉంచమను.

అమ్మగారి భయం గురించి. ఆమె భయపడేది నడిచే బాయిలర్ గురించి. మేము లోపలికి వెళ్ళేది ఆపి, చల్లార్చి, ఆవిరి లైన్లు మూసేసి, గాలి పరీక్ష చేసి, పర్మిట్ ఇచ్చాకే. ప్రమాదం లేదని అబద్ధం చెప్పను. లోపల అసలు భయం గాలితో. ట్యూబు లోపల ఆర్గాన్ నింపి వెల్డు చేస్తాం. ఆర్గాన్‌కి వాసన లేదు, గాలి కంటే బరువు, గుంటలో చేరి కూర్చుంటుంది. ఒకసారి నా పక్కన పనిచేసేవాడు పడిన రాడ్డు తీసుకుందామని వంగి, అలాగే ఒరిగిపోయాడు. మ్యాన్‌హోల్ దగ్గర కాపలా మనిషి ఉన్నాడు కాబట్టి వెంటనే లాగేశాం, బతికాడు. అందుకే నేను బయట మనిషి లేకుండా ఎవరు చెప్పినా లోపలికి దిగను. లోపలికి తీసుకెళ్ళే చేతి దీపం 24 వోల్టులు దాటకూడదని 1948 నాటి పాత ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. 1923 నాటి పాత బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది. అందులో లోపల పనిచేసేవాళ్ళ భద్రత మీదా, అర్హత ఉన్నవాళ్ళతోనే రిపేరు చేయించాలన్న దాని మీదా ప్రత్యేకంగా పట్టు పెట్టారు. ఇవి అమ్మగారికి చదివి వినిపించు. తమ్ముడికి పద్దెనిమిది నిండేదాకా ఎవరైనా బాయిలర్ లోపలికి దింపుతామంటే ఒప్పుకోవద్దు.

రిటైర్డ్ వెల్డింగ్ మాస్టారు

పైన వెల్డర్ గారు రాసిన తుక్కు కుప్ప మాట అక్షరాలా నిజం. నేను ప్రభుత్వ ఐటీఐలో ఇరవై ఏడేళ్ళు వెల్డింగ్ నేర్పాను. ఏడాది వెల్డర్ సిలబస్‌లో ప్రాక్టికల్‌కే 840 గంటలు ఉన్నాయి. ఆ గంటలు షెడ్డులో గడుస్తున్నాయా, రిజిస్టర్‌లో గడుస్తున్నాయా అన్నదే తేడా.

రెండు విషయాలు కలుపుతాను. ప్రైవేటు ఐటీఐకి కేంద్రం గుర్తింపు (ఎన్‌సీవీటీ గుర్తింపు అనేవాళ్ళం) ఉందా అని అడిగితే ఉందనే అంటారు. గుర్తింపు ట్రేడు వారీగా ఇస్తారమ్మా. ఎలక్ట్రీషియన్‌కి ఉండి వెల్డర్‌కి లేకపోవచ్చు. మీ తమ్ముడు చేరే ట్రేడు పేరుతో పోర్టల్‌లో చూసుకోండి. ఇక హాజరు 80 శాతం ఉంటేనే చివరి పరీక్ష రాయనిస్తారు. 'రానక్కర్లేదు, మేం చూసుకుంటాం' అన్న చోట చేర్చవద్దు.

ఒక్క దగ్గర మాత్రం వెల్డర్ గారితో నాకు భిన్నాభిప్రాయం. నేనైతే ఫిట్టర్ చేయిస్తాను. రెండేళ్ళు పడుతుంది, నిజమే. కానీ డ్రాయింగ్ చదవడం, కొలతలు, మార్కింగ్, ఫిటప్ (అతికే ముందు ముక్కల్ని సరిగ్గా కూర్చోబెట్టడం) అన్నీ చేతికి వస్తాయి. బాయిలర్ మేకర్‌కి అవే పునాది. జాయింటు సరిగ్గా కూర్చోకపోతే ఎంత మంచి వెల్డరైనా ఏం చేయగలడు? గ్యాస్, ఆర్క్ వెల్డింగ్ మొదటి పాఠాలు ఫిట్టర్‌లో కూడా ఉంటాయి. పైగా రెండేళ్ళ ఐటీఐ చేసినవాళ్ళు బ్రిడ్జి కోర్సు చేసి, ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. ఇంటర్ తప్పిన పిల్లవాడికి ఆ తలుపు తెరిచి ఉంచడం మంచిదని నా ఉద్దేశం.

బాయిలర్ వెల్డర్, ఇబ్రహీంపట్నం

మాస్టారూ, ఫిటప్ గురించి మీరన్నది కాదనను. నేను ఇంటి పరిస్థితి చూసి చెప్పాను. నాన్న లేని ఇల్లు, అక్క ఒక్కతే సంపాదిస్తోంది. ఒక ఏడాది ముందు చేతికి పని వస్తే ఇంటికి ఆసరా అని. అమ్మా, ఇద్దరి మాటా విన్నావు కదా, మీ తమ్ముణ్ణే అడుగు. షెడ్డు చూశాక వాడి మనసు దేని దగ్గర ఆగుతుందో నీకే తెలుస్తుంది.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చాను, మైలవరం

చెల్లెమ్మా, పద్నాలుగేళ్ళు సౌదీ, ఖతార్‌లలో షట్‌డౌన్ పనుల్లో ఉండి వచ్చాను. మీ మేనమామ చెప్పిన జీతాలు నిజమే. అయితే అవి కొత్తవాళ్ళకి కాదు. బాయిలర్ మేకర్ అని తీసుకునేటప్పుడు మూడేళ్ళో ఐదేళ్ళో చేసిన పని అడుగుతారు, ఇక్కడే ట్రేడ్ టెస్టు పెడతారు. కోర్సులో చేరగానే ఇంటర్వ్యూ గ్యారంటీ అన్న మాట నమ్మవద్దు.

వాడు పది పాసయ్యాడు కాబట్టి పాస్‌పోర్టు ఈసీఎన్ఆర్‌తో, అంటే గల్ఫ్ వెళ్ళడానికి ప్రభుత్వ ఎమిగ్రేషన్ అనుమతి అక్కర్లేకుండా వస్తుంది, అది మంచిదే. ఎప్పటికైనా వెళ్ళే రోజు వస్తే లైసెన్సు ఉన్న ఏజెంటు ద్వారానే వెళ్ళాలి. ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్ సైటులో ఏజెంటు పేరు చూసుకోవచ్చు. రూల్ ప్రకారం ఏజెంటు తీసుకోదగ్గది 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. నా దగ్గర మొదటిసారి లక్షా నలభై వేలు తీసుకున్నాడొకడు. రసీదు లేదు. ఆ అప్పు తీరడానికి ఏడాదిన్నర ఎడారిలో ఉన్నాను. ఆ రోజుల్లో మా అమ్మాయి పుట్టింది, ఫోటోలో చూశాను.

కొత్తపేట అక్క, గుంటూరు

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. వెల్డర్ బాబాయ్ గారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. కాపలా మనిషి సంగతి వచ్చేసరికి కళ్ళు తుడుచుకుంది కానీ, చివరికి 'అన్ని జాగ్రత్తలు తెలిసినవాళ్ళు ఉన్నారన్నమాట' అంది.

మంగళ, బుధవారాల్లో షాపులో సెలవు పెట్టి మూడు చోట్లకీ వెళ్ళాం.

6జీ ఇన్‌స్టిట్యూట్‌లో పైపులు ఉన్నాయి, నేర్పే ఆయన కూడా మంచివాడే. ఆయనే నన్ను పక్కకి పిలిచి, 'వీడు ఇంకా రాడ్డు పట్టుకోలేదు కదమ్మా, రెండేళ్ళు ఆగి పంపండి' అన్నారు. ఆఫీసులో కూర్చున్నవాళ్ళు మాత్రం ఆ రోజే పదివేలు కట్టేయమన్నారు.

హాస్టల్ ఉన్న ప్రైవేటు ఐటీఐలో షెడ్డు తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్న సారు రాలేదన్నారు. కిటికీలోంచి చూస్తే గచ్చు అద్దంలా ఉంది. వెంటనే మీ మాటే గుర్తొచ్చింది.

ప్రభుత్వ ఐటీఐలో షెడ్డు పాతది, రేకుల మీద చిల్లులున్నాయి. తుక్కు గుట్ట మాత్రం నడుము ఎత్తు ఉంది. ఓవెన్ మీద చెయ్యి పెట్టి చూశాను, వెచ్చగా ఉంది. టిగ్ మెషిన్లు రెండే. ఒక పిల్లవాణ్ణి అడిగితే 'ఈ వారం అరవై దాకా' అని తడుముకోకుండా చెప్పాడు. వాడి చొక్కా నిండా రవ్వల చిల్లులే.

అక్కడ తమ్ముడు వెల్డింగ్ బూత్‌ల దగ్గర కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఫిట్టర్ వైపు వెళ్ళి, ఒక పిల్లవాడు పైపు చివర గ్రైండర్‌తో వాలుగా చెక్కుతుంటే ఎన్ని డిగ్రీలు అని అడిగాడు. ముప్పై ఏడున్నర అని ఆ అబ్బాయి చెప్పాడు. రెండు పైపుల్ని ఎదురెదురుగా పెట్టి సందు కొలుస్తుంటే వీడు పక్కన కూర్చుని పైపు పట్టుకున్నాడు. నేను పిలిచేదాకా లేవలేదు. బస్సులో, 'అక్కా, మిల్లు మేస్త్రీ కూడా ట్యూబు ఎక్కించే ముందు ఇలాగే రంధ్రం అంచు రుద్ది రుద్ది చూసేవాడు' అన్నాడు. ఫిట్టర్ చేస్తానన్నాడు. రెండేళ్ళు నేను నెట్టుకొస్తానని చెప్పాను. మిగిలిన డబ్బు ముట్టుకోకుండా తర్వాత 6జీ కోసం ఉంచుదామని అమ్మ అంది.

ఆన్‌లైన్ దరఖాస్తు సోమవారం పెడుతున్నాం. పది మార్కులు 431, వ్యాగన్ షాప్ తమ్ముడూ, వస్తుందంటావా? సీటు వస్తే బట్టలు, బూట్లు ముందే కొనాలా?

వ్యాగన్ షాప్ ఫిట్టర్

431 అంటే బాగానే ఉన్నాయి అక్కా. ఆప్షన్లు పెట్టేటప్పుడు ఫిట్టర్ ఒక్కటే పెట్టకుండా రెండోది వెల్డర్ కూడా పెట్టండి. టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి ఉంచుకోండి. మా బ్యాచ్‌లో ఒకడు ఆదాయం కాగితం లేక వెరిఫికేషన్ రోజు వెనక్కి తిరిగాడు.

బాయిలర్ వెల్డర్, ఇబ్రహీంపట్నం

ఫిట్టరే మంచిదమ్మా. మాస్టారి మాటే నెగ్గింది, నాకు సంతోషమే. వాడు పైపు పట్టుకుని కూర్చున్నాడన్నావు చూడు, అది చదివి మా ఆవిడకి కూడా వినిపించాను.

బూట్లు సీటు వచ్చాక కొను, ముక్కు దగ్గర ఇనుప తొడుగు ఉన్నవి. ఆటోనగర్‌లో దొరుకుతాయి. బట్టలు మాత్రం నూలువే కొను. పాలిస్టర్ వద్దు, రవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. చేతులు నిండుగా ఉన్న చొక్కా, పై బొత్తాం దాకా పెట్టుకోవాలి. ప్యాంటు పొడుగైతే కింద మడవకు, కత్తిరించి కుట్టించు. మడతలో రవ్వ పడితే కాలు చురుక్కుమనేదాకా తెలియదు.